రాబోవు రాజ్యమున మన స్థానము

(భాషాల్పసంఖ్యాక తెలుగువారి సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



నేటి సభకు మేము ఎన్నుకొన్న విషయము రాజ్యము. దాని రూపము ఎట్లు మారుచు వచ్చినది, దాని పని ఎట్లు పెరిగినది, ముందుముందు అది ఏ రూపము దాల్చవచ్చును, ఆ రూపములో మనకు చోటెక్కడ అనునది విచారింపదలచినాము. ఇది పండితుల గోష్ఠికి తగినదేగాని సంసారులకు పట్టినది కాదని కొందరికి తోచవచ్చును. కాని మన పిల్లవాడు ఏ భాషలో చదువవలెనో, మన అర్జీ కచేరిలో ఏ భాషలో స్వీకరింపబడునో, రేషను కార్డుపై మన పేరు ఏ లిపిలో ఉండునో నిర్ణయించునది రాజ్యమే. కావున దాని పోకడను తెలిసికొనుట మనకు ఇంటిపనియే అగును.

మొదట ఆ పేరును గూర్చియే ఒక మాట చెప్పుదుము. తెలుగున మనము రాష్ట్రమనుదానిని కన్నడిగులు, మరాఠీవారు, ఒడియావారు "రాజ్య" మందురు. వారికి "రాష్ట్ర"మనగా దేశమంతయు. తమిళులు "మానిల"మందురు. మనకు రాజ్యమనగా ఏలుబడి యంతయు. రాష్ట్రమనగా అందులో ఒక భాగము. ఇరుగుపొరుగు భాషలలో నిత్యము మెలగు మనకు ఈ తారుమారు అనుభవములోనిదే. పేరే ఊరికొక అర్థము చెప్పుచుండగా, ఆ పేరుగల వస్తువు కలకాలము ఒకే తీరున ఉండునని తలంచుటకు వీలులేదు.

పన్ను తీసికొను రాజ్యము

మన పూర్వులు ఎరిగిన రాజ్యము పన్ను తీసికొనెడిది, సేనను పోషించెడిది, తగవు తీర్చెడిది. విజయనగరపు ఏలుబడి వెంట తెలుగు కుటుంబములు తమిళదేశమున కావేరి దాటి తామ్రపర్ణివరకు విస్తరించినవి. మధురలోను తంజావూరులోను నాయకరాజులు ఏలిరి. పదునేడవ శతాబ్దిలో తంజావూరు మరాఠా వంశమువారి వశమైనది. అటుపిమ్మట సయితము ఆ ఆస్థానమున తెలుగు యక్షగానములు వెలయుచునే వచ్చినవి. అనగా తమిళనాట మరాఠీ ప్రభువు తెలుగు కవులను పోషించినాడు. అందుకు ఎవరును ఆశ్చర్యపడలేదు. తరువాతి కాలమున పద్మశాలీలు మగ్గముతో షోలాపురమునకు, కామాటీలు కట్టడపు పనికి బొంబాయికి పోయినపుడు వారిని నీ మాతృభాష యేది యని రాజ్యము ప్రశ్నింపలేదు. దానికి ఆ ప్రశ్నతో పనిలేకుండెను. బడి నడుపువాడు వీధిబడి అయ్యవారు. ఆయనకు గ్రాసము ఇచ్చినది ఊరు.

ఆ కాలము స్వర్ణయుగమని మేము చెప్పుట లేదు. ఆ రాజ్యము పేదవానికి బడి పెట్టలేదు, వైద్యశాల కట్టలేదు, కరవు వచ్చినపుడు చాలమందిని కాపాడలేదు. అది మన భాష జోలికి రాలేదన్నచో, మన బాగోగుల జోలికిని రాలేదనియే అర్థము. ఈ రెండును కలిపి జ్ఞాపకముంచుకొనవలెను.

బడి పెట్టు రాజ్యము

ఇంగ్లీషువారి కాలమున రాజ్యము జనులను లెక్కింప నారంభించినది. 1881 నుండి పదేండ్లకొకసారి జనగణన జరిగినది. బడులు, న్యాయస్థానములు, ఉద్యోగములు పెరిగినవి. రాజ్యము ప్రజల బ్రదుకులోనికి ఎంత వచ్చునో, అది మాటాడు భాష అంత ముఖ్యమగును. న్యాయస్థానములో వాదము తెలియని రైతు భూమిని పోగొట్టుకొనును; ఉద్యోగపు పరీక్ష పరభాషలో ఉన్నచో పిల్లవాడు వెనుకబడును. మద్రాసు రాజధానిలో తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు, ఒడియావారు ఒకే కప్పుక్రింద ఉండిరి. కన్నడిగులు మైసూరు, బొంబాయి, మద్రాసు, హైదరాబాదు, కొడగు ఏలుబడులలో చెదరియుండిరి. రాజ్యము తమ భాషలో తమతో మాటాడవలెనని ప్రతి జాతియు కోరుట న్యాయమే.

ఆ కోరిక ఫలించిన విధము మీరెరిగినదే. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. 1952 డిసెంబరు 15న మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశమును విశాల మైసూరును, 1960 మే 1న మహారాష్ట్రమును ఏర్పడినవి. భాషారాష్ట్రముల నిర్మాణము దేశమును చీల్చునని నాడు పెద్దలు భయపడిరి. అట్లు జరుగలేదు. సామాన్యుడు కచేరి గడప ఎక్కగలిగినాడు. ఆ రాష్ట్రములకు వెలుపల మిగిలిన మనము కూడ ఈ సత్యమును మనఃపూర్వకముగ అంగీకరింపవలెను.

అయినను ఏ గీత గీచినను ఇరుప్రక్కల కొందరు మిగులుట తప్పదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినది. 1953లో బళ్లారి జిల్లా నుండి ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. తక్కినవి మైసూరునకు పోయినవి. పటాస్కరుగారి నివేదిక ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున కలిసినది. కోలారు, హోసూరు ప్రాంతముల తెలుగువారు గీతకు ఆవల నిలిచిరి. అటులనే శ్రీకాకుళపు ఒడియావారు, చిత్తూరు తమిళులు, ఆదోని ప్రాంతపు కన్నడిగులు ఈవల నిలిచిరి. మనలో కొందరము తరతరముల క్రిందట వలస వచ్చినవారము. మరికొందరము పుట్టిన ఊరు కదలకయే మరొక రాష్ట్రపు వారమైనాము. చట్టము మన ఇరువురిని ఒకే పేరున భాషాల్పసంఖ్యాకులని పిలుచుచున్నది. ఈ పేరు మనకు పెట్టినది ఆ గీతయే.

1956 నాటి కట్టుబాట్లు

గీత గీచినవారు ఈ సంగతి ఎరుగనివారు కారు. ఫజల్ ఆలీ, కుంజ్రూ, పణిక్కరుగార్లతో కూడిన రాష్ట్రపునర్నిర్మాణ సంఘము 1955లో నివేదిక ఇచ్చుచు అల్పసంఖ్యాకుల రక్షణకై ప్రత్యేకముగ సిఫారసులు చేసినది. వాని ననుసరించి కేంద్ర ప్రభుత్వము 1956లో కొన్ని కట్టుబాట్లను ప్రకటించినది. అంతకుముందే, 1949లో, రాష్ట్రముల విద్యామంత్రులు ఒక నియమమునకు సమ్మతించియుండిరి. దాని ప్రకారము బడి మొత్తమున 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని కోరినచో ప్రాథమికవిద్య మాతృభాషలో చెప్పవలెను. 1956లో చేసిన ఏడవ సవరణ రాజ్యాంగమున రెండు అధికరణములను చేర్చినది. 350-ఎ ప్రాథమికదశలో మాతృభాషా బోధనకు తగిన వసతి కల్పింపుమని రాష్ట్రములకు చెప్పును. 350-బి భాషాల్పసంఖ్యాకుల కమిషనరు పదవిని కల్పించును. ఆ కార్యాలయము 1957లో పని ప్రారంభించినది. కమిషనరు విచారించి రాష్ట్రపతికి నివేదిక ఇచ్చును. అది పార్లమెంటు ముందుంచబడును. ఆజ్ఞాపించు అధికారము మాత్రము ఆయనకు లేదు.

పరిపాలనా భాష విషయమున 1956 నాటి కొలత ఇట్లున్నది. రాష్ట్రములో నూటికి 30 మంది ఒక అల్పసంఖ్యాక భాషవారైనచో ఆ రాష్ట్రము ద్విభాషారాష్ట్రము కావలెను. జిల్లాలో నూటికి 70 మంది అట్టివారైనచో ఆ జిల్లాకు వారి భాషయే అధికారభాష కావలెను. జిల్లాలోగాని, తాలూకా, పురపాలకము వంటి చిన్న ప్రదేశములోగాని నూటికి 15 నుండి 20 మంది ఉన్నచో ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలోను ప్రచురింపవలెను.

ఈ కొలతను మనపై వేసి చూతము. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా వ్రాయించినవారు తమిళనాట సుమారు 42 లక్షలు, కర్ణాటకమున సుమారు 35 లక్షలు. రెండు రాష్ట్రములందును అది నూటికి ఆరుగురికన్న తక్కువ. 30 అను అంకె మనకు ఎన్నటికిని అందదు. 70 అను అంకె అంతకన్న దూరము. మిగిలినది 15 నుండి 20 అను మెట్టు. అదియు ప్రదేశపు హద్దును బట్టి మారుచుండును. 1992లో గంజాము నుండి గజపతి జిల్లా, కోరాపుట్టు నుండి రాయగడ జిల్లా ఏర్పడినవి. 2004లో ధర్మపురి నుండి కృష్ణగిరి, 2007లో కోలారు నుండి చిక్కబళ్లాపురము, 2021లో బళ్లారి నుండి విజయనగర జిల్లా వేరైనవి. ఈ విభజనలు పరిపాలనా సౌకర్యమునకై జరిగినవి. వానిలో తప్పేమియు లేదు. కాని జిల్లాకొలతను నమ్ముకొన్న హక్కు జిల్లా విడిపోయినపుడెల్ల పెరుగుటయో తరుగుటయో తప్పదు. నగరములలో చిక్కు మరొక తీరున ఉన్నది. బెంగుళూరులోను చెన్నైలోను తెలుగువారు లక్షలకొలది ఉన్నారు. నగరము పెరిగినకొలది మన సంఖ్య పెరిగినను మన పాలు తరుగవచ్చును. ఒక పల్లె తాలూకాలో పదివేలమందికి దొరకు హక్కు మహానగరములో లక్షమందికి దొరకకపోవుట ఏమి న్యాయము?

2002లో టి. ఎం. ఎ. పాయి ఫౌండేషను వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానపు పదునొకండుగురు న్యాయమూర్తులు అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రమును ప్రమాణముగ గొని నిర్ణయింపవలెనని తీర్పు చెప్పిరి. 30వ అధికరణము క్రింద బడులు స్థాపించుకొను హక్కును అది మనకు స్థిరపరచినది. దానితోపాటు మన హక్కునకు కొలబద్ద రాష్ట్రపు గీతయేనని కూడ స్థిరపడినది.

రూపు మారుచున్న రాజ్యము

ఆ గీతయైనను స్థిరమైనదా యని అడుగుదుము. రాజ్యాంగపు 3వ అధికరణము ప్రకారము పార్లమెంటు సామాన్యచట్టముతోనే రాష్ట్రమును విడదీయవచ్చును, కలుపవచ్చును, పేరు మార్చవచ్చును. సంబంధించిన శాసనసభ అభిప్రాయము అడుగవలెనేగాని దాని సమ్మతి అవసరము లేదు. 2000లో మూడు క్రొత్త రాష్ట్రములు ఏర్పడినవి. 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమైనది. ఆ యేడాదిలోనే ఖమ్మము జిల్లాలోని కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమున కలిసినవి. 2019 అక్టోబరు 31న జమ్మూకాశ్మీర రాష్ట్రము రెండు కేంద్రపాలిత ప్రాంతములుగ మారినది. ఒకే భాషకు రెండు రాష్ట్రములుండవచ్చునని మన తెలుగుదేశమే చూపినది. కావున భాషకొక రాష్ట్రమను 1956 నాటి చిత్రము ముగింపు కాదు, నడుమ వచ్చిన ఒక మజిలీ మాత్రమే.

రాజ్యపు పనియు చోటు మారుచున్నది. కొంత పైకి పోయినది: 2017 జూలై 1 నుండి వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చి, పన్నురేట్ల విషయము కేంద్రమును రాష్ట్రములును కలిసి కూర్చుండు మండలిలో తేలుచున్నది. కొంత క్రిందికి దిగినది: 73, 74 సవరణలు 1993లో అమలులోనికి వచ్చి పంచాయతీలకు, పురపాలకములకు రాజ్యాంగములో స్థానమిచ్చినవి. మూడు లక్షలు, అంతకు మించిన జనముగల పురపాలకములో వార్డు సంఘములుండవలెనని ఆ చట్టమే చెప్పినది. షోలాపురము, బళ్లారి వంటి నగరములలో మన పేటలు ఎక్కడెక్కడ ఉన్నవో మనకు తెలియును. రాష్ట్రములో నూటికి ఆరుగురమైన మనము వార్డులో అరువదిమందిమి కావచ్చును. పంపు నీరు, దీపము, బడి మరమ్మతు, గ్రంథాలయపు గది మొదలగు విషయములలో మన గొంతు వినబడుచోటు శాసనసభకన్న ముందు అదియే.

మూడవ మార్పు మన కన్నులయెదుట జరుగుచున్నది. 2010లో ఆధారు సంఖ్యల జారీ ఆరంభమైనది. నేడు ధ్రువపత్రము, పింఛను, బియ్యము, బడిలో ప్రవేశము మొదలగునవి కచేరి కిటికీనుండి చేతిలోని ఫోనుకు తరలుచున్నవి. వెనుకటి రోజులలో, మీ కొలదిమందికై ఫారములు వేరుగ అచ్చువేయించుట ఖర్చుగదా యని అధికారులు చెప్పెడివారు. ఆ వాదములో కొంత బలముండెను. తెరమీది ఫారమునకు కాగితపు ఖర్చు లేదు, అచ్చుపని లేదు. ఒకసారి సరిగ తెలిగించిన ఫారము పదిమందికైనను పదిలక్షలమందికైనను ఒక్కటే. రాజ్యము మనిషిని సంఖ్యచేత గుర్తింపగలిగినపుడు, అతడు ఏ భాష కోరినాడో గుర్తుంచుకొనుట దానికి కష్టము కాదు. పింఛను లబ్ధిదారుని వేలిముద్రను దేశమంతట గుర్తుపట్టు యంత్రమునకు అతని భాష మాత్రము రాష్ట్రపు పొలిమేర దాటగనే మరపునకు వచ్చుట ఎందులకు?

యానాము చెప్పు పాఠము

ఇట్టి ఏర్పాటు మన దేశములో వింతకాదనుటకు యానాము సాక్షి. గోదావరి తీరమున సుమారు ముప్పది చదరపు కిలోమీటర్ల యానాము 1954లో ఫ్రెంచివారి ఏలుబడినుండి విడివడినది. తరువాత ప్రక్కనున్న ఆంధ్రలో కలియక, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడి దూరముననున్న పుదుచ్చేరితో కూడి ఒకే కేంద్రపాలిత ప్రాంతముగ నిలిచినది. 1965 నాటి పుదుచ్చేరి అధికారభాషా చట్టము తమిళమును అధికారభాషగా చెప్పుచు, యానామునకు తెలుగును, మాహేకు మలయాళమును అనుమతించినది. ఒకే చిన్న ప్రభుత్వము మూడు భాషలలో ప్రజలతో మాటాడుచున్నది. దానివలన పుదుచ్చేరిలో తమిళమునకు కొరత ఏమియు కలుగలేదు. చరిత్రవశమున వచ్చిన ఈ రూపమును ఎవరును ముందు ఊహించి గీయలేదు. అయినను అది నడచుచున్నది.

పరదేశములలో ఇట్టి దృష్టాంతములు మరికొన్ని కలవు. ఫిన్లాండులో స్వీడిషుభాషవారు నూటికి ఐదుగురు మాత్రమే. అనగా తమిళనాటను కర్ణాటకమునను మన పాలికి దగ్గర. అక్కడి చట్టము ప్రకారము ఒక పురపాలకములో అల్పసంఖ్యాకభాషవారు నూటికి 8 మందిగాని, మొత్తము 3000 మందిగాని ఉన్నచో అది ద్విభాషా పురపాలకమగును. పాలు చాలకున్నను సంఖ్య చాలును. కావుననే రాజధానియైన హెల్సింకి రెండు భాషలలో నడచుచున్నది. ఈ లెక్కను పదేండ్లకొకసారి సరిచూతురు. ఫిన్లాండులో స్వీడిషు ఒకప్పటి పాలకుల భాష, నేటికిని రాజ్యాంగము గుర్తించిన రెండు జాతీయభాషలలో ఒకటి. మన స్థితి అట్టిది కాదు. అయినను ఆ కొలత పద్ధతి మనము గ్రహింపదగినది.

ఎస్తోనియా 1925లో ఇంకొక అడుగు ముందుకు వేసినది. మూడువేలమందికి తక్కువకాని అల్పసంఖ్యాకజాతి తన సభను తానెన్నుకొని, తన బడులను, సంస్కృతిసంస్థలను తానే నడుపుకొనవచ్చునని చట్టము చేసినది. జర్మనులు, యూదులు ఈ హక్కును వినియోగించుకొనిరి. దేశములో వారెక్కడ ఉన్నను ఆ సభ వారిదే. 1940లో ఆ దేశము సోవియటు వశమగుటతో ఆ ఏర్పాటు ముగిసినది. దాని వెనుకనున్న భావమును ఆస్ట్రియాకు చెందిన కార్ల్ రెన్నరు 1899లోనే వివరించియుండెను. ఒకే ఊరిలో వేరువేరు మతములవారు తమతమ గుడులను నడుపుకొనునట్లు, వేరువేరు భాషలవారు తమ విద్యను తాము నడుపుకొనవచ్చుననియు, అందుకు భూమిని పంచుకొనవలసిన పని లేదనియు ఆయన వాదము.

మా అభిప్రాయము ఇదియే. 1956లో భాషాహక్కును భూమికి కట్టిరి. నాడు రాజ్యము భూమిమీద, కచేరిగోడల నడుమ ఉండెను గనుక అది సహజము. రాబోవు రాజ్యము కొంత పైకి, కొంత వార్డునకు, కొంత తెరమీదికి పోవుచున్నది. అందువలన ఆ హక్కును మనిషికి కట్టుటకు నేడు వీలు కలిగినది. నూటికి ఇందరు అను కొలతతోపాటు మొత్తమున ఇందరు అను కొలతయు రావలెను.

శంకలకు సమాధానము

దీనికి మూడు ఆక్షేపణలు కలవు. ఇట్లు చేసినచో 1909 నాటి ప్రత్యేక నియోజకవర్గములవలె జనులు చీలిపోవుదురని మొదటిది. ఆ భయము నిజమైన అనుభవమునుండి పుట్టినది, దానిని త్రోసివేయరాదు. మేము వోటును వేరుచేయుమని అడుగుట లేదు. శాసనసభకు, పంచాయతీకి ఎన్నిక అందరికిని ఒక్కటే కావలెను. మేము కోరునది బడి, గ్రంథాలయము, ఫారము, ప్రకటన అను నాలుగింటి వరకే.

రెండవది మన ఇరుగుపొరుగువారిది. కన్నడమునకు కర్ణాటకము, తమిళమునకు తమిళనాడు, ఒడియాకు ఒడిశా ఇల్లు. ఆ ఇంటనే అది బలహీనపడినచో దానికి వేరు దిక్కెక్కడ అని వారడుగుదురు. ఇంగ్లీషు ఒత్తిడి వారికిని మనకువలెనే ఉన్నది. వారి ఆందోళన న్యాయమైనది. తమిళనాట 2006 చట్టము ప్రతి బాలునికి తమిళమును నేర్పవలెనని విధించినది. నేర్చుట మన ధర్మమును, మన లాభమును కూడ. ఊరి భాష రానివాడు ఆ ఊరివాడు కాలేడు. తెలుగు చదువుటకు గంట మిగిల్చి రాష్ట్రభాష నేర్పుట వేరు. తెలుగు గంటను తొలగించి నేర్పుట వేరు. మొదటిదానికి మనము సంతోషముగ సమ్మతింపవలెను. రెండవదానిని వినయముతో, చట్టము చేతబట్టి, ఎదిరింపవలెను.

మూడవ ఆక్షేపణ మన ఇంటినుండియే వచ్చుచున్నది: తెలుగుబడిలో చేరుటకు పిల్లలేరీ అని. ఇదియే కఠినమైన ప్రశ్న. 2014లో కర్ణాటక ప్రభుత్వపు వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము ప్రాథమికదశలో బోధనాభాషను ప్రభుత్వము బలవంతముగ విధింపరాదనియు, ఎన్నుకొనుట తల్లిదండ్రుల హక్కనియు చెప్పినది. ఆ తీర్పుతో బరువు మనమీద పడినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధింపుమని చెప్పును. 2020 జాతీయ విద్యావిధానమును అదే పాట పాడును. కాని ఏ చట్టమైనను కోరినవారికే అక్కరకు వచ్చును. పదిమంది చేరని తరగతికి ఉపాధ్యాయుని ఏ ప్రభుత్వమును పంపదు. యంత్రము ఫారమును తెలిగించునుగాని పసివానిచేత అక్షరములు దిద్దింపజాలదు.

మన పని

కావున రాజ్యము రూపు మార్చుకొనువరకు చేతులు ముడుచుకొని ఉండనక్కరలేదు. నేడే చేయదగిన పనులు కొన్ని కలవు.

జనగణనకు 2027 మార్చి 1 ఆధారదినమని ప్రభుత్వము 2025 జూన్‌లో ప్రకటించినది. గణకుడు మాతృభాషను అడుగును. తెలిసిన మరి రెండు భాషలను అడుగును. ఇంట తెలుగు మాటాడుచు, బయటి మర్యాదకో భయమునకో ఊరి భాషను మాతృభాషగా వ్రాయించువారు మనలో కొందరున్నారు. ఊరి భాషకు రెండవ స్థానమున గౌరవము చేయవచ్చును. మొదటి స్థానమున నిజము వ్రాయింపుడు. సంఖ్యను నమ్ముకొన్న హక్కు కోరువారు ముందు తమ్ము తాము లెక్కలోనికి తెచ్చుకొనవలెను.

అల్పసంఖ్యాకుల రక్షణ కట్టుబాట్లలో, బడులు తెరచుటకు ముందే తల్లిదండ్రుల భాషాభీష్టమును నమోదుచేయు పుస్తకమునకు ఏర్పాటు కలదు. ఒక బడిలో పిల్లలు చాలనిచో దగ్గరి బడులలోని వారిని కలిపి తరగతి నడుపుటకును అందు వీలున్నది. ఈ పుస్తకము మీ ఊరి బడిలో ఉన్నదా యని ప్రతి శాఖయు విచారింపవలెను. లేనిచో పదిమంది తల్లిదండ్రుల చేవ్రాళ్లతో ప్రధానోపాధ్యాయునికి అర్జీ ఇచ్చి, దాని ప్రతిని కమిషనరు కార్యాలయమునకు పంపవలెను.

350వ అధికరణము ప్రకారము ఎవరైనను తమ కష్టమును దేశములోగాని ఆ రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నవించుకొనవచ్చును. తెలుగున అర్జీ వ్రాసి, క్రింద ఊరి భాషలో సారాంశము జతపరచుట మర్యాదయు, ఉపాయమును అగును.

ఇక రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములకు మన విన్నపమొకటి. పాఠ్యపుస్తకములు, ఉపాధ్యాయుల శిక్షణ, పరీక్షలు మొదలగు విషయములలో బయటి తెలుగుబడి ఎవరిని ఆశ్రయింపవలెనో రెండు రాష్ట్రములును కూడి ఒక ఏర్పాటు చేయవలెను. తమ గడ్డమీది ఒడియా, తమిళ, కన్నడ, ఉర్దూ, మరాఠీ బిడ్డలకు బడి చక్కగ నడిపించుట అంతకన్న ముఖ్యము. ఆదోనిలో కన్నడబడికి గురువు ఉన్నపుడు బళ్లారిలో తెలుగు గురువును అడుగు నోరు మనకుండును.

రాజ్యము రేపు ఏ రూపము దాల్చునో ఎవరును నిశ్చయముగ చెప్పజాలరు. రాష్ట్రములు పెరుగవచ్చును, జిల్లాలు మారవచ్చును, కచేరి ఫోనులోనే ఇమిడిపోవచ్చును. ఆ మార్పులు మనలను అడిగి జరుగవు. తరగతిలో పదిమంది పిల్లలుండుట మాత్రము మన చేతిలోని పని. వచ్చే విద్యాసంవత్సరమునకు ముందు ప్రతి శాఖయు తన పేటలోని అయిదేండ్ల పిల్లల జాబితా వ్రాసి, ఇంటింటికి పోయి తల్లిదండ్రులతో మాటాడి, ఆ జాబితాను సంఘమునకు పంపవలెనని కోరుచున్నాము. పేట వెంబడి ఆ పేర్లను ఈ పత్రికయందే ప్రకటింపక, ఎందరు చేరిరను సంఖ్యలను మాత్రము ప్రకటింతుము. వానిని చూచి ఒక పేటవారు మరొక పేటవారితో పోటీపడుదురుగాక.